వసారా దూలానికి మూడు కొక్కేలు



కొంతకాలంగా ఛందస్సును గురించీ, మా ప్రాంతపు శాసనాలను గురించీ వ్రాస్తూ వచ్చాను. ఈసారి విషయం వేరు. చిన్న ఊళ్ళలోని చిన్న చర్చిలు ఎట్లా నిలిచినవి, పసిబిడ్డలను ఎత్తుకొని వచ్చిన కొత్త కుటుంబాలకు వాటిలో ఎక్కడ చోటు దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్నది నేటి ప్రస్తావన. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని అనుకోవద్దు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఈ మూడూళ్ళ నడుమ బదిలీల మీద తిరుగుతూ ముప్పైయేండ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. నా తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందరి ఆదివారాలు ఆ చర్చిలలోనే గడిచినవి.

పెనుకొండలో నాకొక పాత మిత్రుడున్నాడు. రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు, తన చర్చిలో సంఘపెద్ద. పోయిన యేడు ఒకనాటి సాయంత్రం మా యింటికి వచ్చి, కాఫీ త్రాగి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తరువాత అన్నాడు:

"అయ్యవారూ, మా చర్చిలో ఆదివారంనాడు ముందునుంచి చూస్తే అన్నీ నెరసిన తలలే. చంటిబిడ్డలతో వచ్చే కుటుంబాలు నాలుగంటే నాలుగు. అవీ వాకిలి దగ్గర కూర్చొని, ప్రసంగం ముగియకముందే లేచిపోతాయి. ఏం చేస్తే నిలుస్తారంటారు?"

"నేను మీ మతస్థుణ్ణి కాను గదప్పా, నన్నడిగితే ఏం చెప్పేది?"

"అందుకే మిమ్మల్ని అడిగేది. మావాళ్ళలో ఎవరినడిగినా ప్రార్థన చేద్దామంటారు, లేదంటే మైకుసెట్టు మారుద్దామంటారు. మీరు చరిత్ర చదివినవారు. ఇదివరకు ఎట్లా వచ్చినారో, ఎట్లా ఉండినారో చూసి చెప్పండి. వార్షికోత్సవానికి అర్ధగంట మాట్లాడండి."

ఆ అర్ధగంట కోసం నేను చదివినదీ, విన్నదీ, జ్ఞాపకం తెచ్చుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

పెనుకొండ అనగానే మనకు స్ఫురించేది విజయనగరం. 1565లో రక్కసి-తంగడి యుద్ధం ముగిసిన తరువాత తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చాడు. తరువాత వేంకటపతిరాయల కాలంలో అది చంద్రగిరికి తరలింది. 1598లో జెసూట్ పాదిరులు ఆ చంద్రగిరి కొలువుకే వెళ్ళి రాయలను దర్శించారు. రాయలు ఆదరించాడు. కాని కొలువులో దొరికిన ఆదరం ఊళ్ళలో సంఘమై మొలకెత్తలేదు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి జెసూట్‌ల కర్ణాటక మిషన్ మా అనంతపురం సీమలో కొన్ని రెడ్డి కుటుంబాలను చేర్చుకోగలిగింది. యుద్ధాలూ కరువులూ తరిమితే ఆ కుటుంబాలలో చాలా భాగం గుంటూరు సీమకు వలసపోయినవి. గుంటూరు వైపు నేటికీ వారి సంతతివారు ఉన్నారు. కుటుంబాలు ఎక్కడికి పోతే సంఘం అక్కడికి పోయింది.

ఆ తరువాతి అంకం ప్రొటెస్టెంటు మిషన్లది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చాడు. 1822లో కడపలో పని మొదలైంది. అనంతపురం అప్పటికి వేరు జిల్లా కాదు, బళ్ళారిలోని భాగం. 1882లో వేరుపడింది. లండన్ మిషన్‌వారు ఆ శతాబ్ది చివరి దశాబ్దాలలో గుత్తిలోను, అనంతపురంలోను స్థిరపడ్డారు. జిల్లా దక్షిణ భాగంలో, అంటే మా హిందూపురం, పెనుకొండల వైపు, పనిచేసినది మరొక సంస్థ. దాని పేరు సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్. 1893లో బెంజమిన్ డేవిడ్‌సన్ దాన్ని స్థాపించాడు. ఏ ఒక్క శాఖకూ చెందని సంస్థ, పెద్ద ధనబలం లేనిది. 1968లో అది పూనా అండ్ ఇండియన్ విలేజ్ మిషన్‌తో కలిసి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఫెలోషిప్ అయింది. 1989లో అదీ మరింత పెద్ద సంస్థ అయిన ఎస్.ఐ.ఎం.లో లీనమయింది. పేర్లు ఇన్నిసార్లు మారినా మా వైపు ముసలివారు ఇప్పటికీ "జనరల్ మిషన్ చర్చి" అనే అంటారు.

ఈ మిషన్ పుట్టిన సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. గుంతకల్లు నుండి బెంగుళూరుకు సదరన్ మరాఠా కంపెనీవారి మీటర్‌గేజి రైలు నడిచినది సరిగా ఆ రోజులలోనే, 1890ల తొలి యేండ్లలో. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఆ దారిమీది స్టేషన్లు. పాకాల నుండి వచ్చిన మరొక దారి ధర్మవరంలో కలిసింది, ఊరు జంక్షను అయింది. అంతవరకు ధర్మవరం అంటే చెరువు, గుంతమగ్గాలు, పట్టుచీరలు. హిందూపురం అంటే బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయల సంత. పెనుకొండ అంటే కొండమీది కోట, క్రింద కచ్చేరీ. రైలుతో ఈ మూడూళ్ళకూ ఒక కొత్త తెగ మనుషులు వచ్చారు. ఎక్కడో పుట్టి, ఉద్యోగం చేతబట్టుకొని, కొత్తగా కాపురానికి వచ్చిన భార్యను వెంటబెట్టుకొని, ఇక్కడ ఎవరినీ ఎరుగనివారు. పాయింట్స్‌మన్లు, ఫిట్టర్లు, తంతి గుమాస్తాలు. వారి వెనుక బడిపంతుళ్ళు, కాంపౌండర్లు, నర్సులు.

చర్చి చరిత్ర వ్రాసేవారు సాధారణంగా పాదిరి దొరల పేర్లు వరుసగా వ్రాస్తారు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు కట్టడం లేచింది, ఎవరు శంకుస్థాపన చేశారు, ఇంతే. నాకు మిత్రుడు చూపించిన బాప్తిస్మపు రిజిస్టరులో నేను చూసినది వేరు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, తండ్రి వృత్తి, నివాసం. ఆ పాత పుటలలో తండ్రుల వృత్తులు చదువుతూ పోతే ఊరి చరిత్రే కనబడుతుంది. కూలి, కూలి, కూలి అని వరుసగా సాగి, నడుమ ఒక రైల్వే గ్యాంగ్‌మన్, ఒక బడిపంతులు, మళ్ళీ కూలి. నాలుగైదేండ్లకు ఆ రైల్వే కుటుంబం పేరు మాయమవుతుంది, బదిలీ అయి ఉంటుంది. ఆ గడిలోకి ఇంకొక పేరు వస్తుంది. ఒక సంఘం నూరేండ్లు బ్రతికిందంటే అవే కుటుంబాలు నూరేండ్లు ఉన్నాయని కాదు. పోయేవారు పోతూ ఉండగా వచ్చేవారికి ఎవరో చోటిచ్చారని అర్థం.

కూలివారి సంగతి. 1876 నుండి 1878 వరకు సాగిన కరువు మా సీమను ఊడ్చివేసింది. ధాతు సంవత్సరంలో మొదలయినది కాబట్టి "ధాతు కరువు" అన్నారు. దత్తమండలాల మాల మాదిగ వాడలలో మరణించినవారి లెక్క మనకు తేలదు, బ్రతికినవారు మాత్రం గంజికేంద్రాల చుట్టూ, కరువుపనుల చుట్టూ చేరారు. ఆ తరువాతి దశాబ్దాలలో మిషన్లలో చేరినవారిలో అధిక భాగం ఆ వాడలవారే. "గంజికోసం చేరినారు" అనే ఎత్తిపొడుపు నా చిన్నతనంలోనూ వినబడేది. గంజి కరువుతోనే పోయింది, వారు మాత్రం నిలిచారు. ఎందుకు నిలిచారన్నదే అడగవలసిన ప్రశ్న. బడి ఒక కారణం. బిడ్డను అక్షరాల ముందు కూర్చోబెట్టుకొని "నీ పేరేమిటి నాయనా" అని అడిగిన మనిషి ఒకరు దొరకడం మరొక కారణం. ఒక పంతులుగా ఆ రెండవ కారణం బలం నాకు తెలుసు.

ఆ అడిగిన మనిషి చాలాసార్లు దొర కాదు. బైబిలు స్త్రీ. ఈ మాట ఇప్పటివారికి కొత్తగా ఉండవచ్చు. కొద్దిపాటి చదువు, తెల్లచీర, చేతిసంచీ, దానిలో పుస్తకం. ఇంటింటికీ పోయి ఆడవారితో మాట్లాడేది, చదవడం నేర్పేది, జ్వరానికి కషాయం చెప్పేది, పురిటింటి దగ్గర రాత్రంతా కూర్చునేది. మిషన్ నివేదికలలో వీరికి దొరికిన చోటు తక్కువ, ఇళ్ళలో దొరికిన చోటు ఎక్కువ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల తొలినాళ్ళలో, హిందూపురంలో ఒక చర్చి ప్రహరీగోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. అక్కడ ఒక ముసలామె ఉండేది. వయసులో ఉండగా బైబిలు స్త్రీగా తిరిగినదట. అందరికీ ఆమె "అవ్వ". మాకు అప్పుడే తొలిచూలు బిడ్డ. నా భార్య పుట్టిల్లు దూరం, ఊరు కొత్త, ఇంట్లో పెద్దదిక్కు లేదు. బిడ్డ ఏడుపు విని అవ్వ గోడమీదుగా "ఏమ్మా, కడుపునొప్పేమో, వామునీళ్ళు పట్టినావా?" అని అడిగింది. ఆ తరువాత రెండేండ్లు ఆమె మాకు పెద్దదిక్కు. ఒక్కనాడూ మా యింట్లో మతం మాట ఎత్తలేదు. ఓళిగలు చేసుకొంటే మేము పంపేవాళ్ళం, క్రిస్మసుకు ఆమె కజ్జికాయలు పంపేది.

ఆదివారంనాడు ఆమె చర్చి లోపలికి పోయేది కాదు. వసారాలో దూలానికి పాతచీరలతో ఉయ్యాలలు కట్టేది. పసిబిడ్డలను వాటిలో వేసి తాళ్ళు లాగుతూ, లోపల పాడుతున్న కీర్తననే మెల్లగా జోలపాటగా పాడేది. బాలింతలు లోపల చాపమీద నిశ్చింతగా కూర్చునేవారు. ఒకసారి అడిగాను, "అవ్వా, నువ్వు ప్రసంగం వినవా?" అని. "నేను విన్నవి చాలు నాయనా. ఆ పిల్లలు ఇంట్లో కూడా కూర్చోలేదు, గంటసేపు కూర్చోనీ" అన్నది.

పెనుకొండ మిత్రుడి చర్చిలో రిజిస్టరు చూసి బయటికి వచ్చి వసారాలో చెప్పులు వేసుకొంటూ పైకి చూశాను. దూలానికి మూడు ఇనుప కొక్కేలు, తుప్పుపట్టి. "ఇవేమిటప్పా?" అన్నాను. "లాంతర్లకు కొట్టించినారంటారు" అన్నాడాయన. లాంతరుకు అంత లావు కొక్కెం ఎందుకు? నాకు హిందూపురం అవ్వ గుర్తుకు వచ్చింది. ఆ సంఘంలో ఎనభై దాటిన ఒక పెద్దామె ఉన్నారంటే వెళ్ళి అడిగాము. ఆమె నవ్వి, "లాంతర్లా? మా పిల్లలందరూ ఊగినది వాటికేనయ్యా" అన్నది. శంకుస్థాపన ఫలకంమీద ఎవరెవరి పేర్లో ఉన్నవి. ఆ కొక్కేలు కొట్టించినవారి పేరు ఎక్కడా లేదు.

ఇంతవరకు చెప్పినది తియ్యని భాగం. చేదు భాగం కూడా చెప్పకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

చోటు ఇవ్వడమంటే ఎవరి పక్కన అన్నది మన దేశంలో మొదటి ప్రశ్న. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్సు కులభేదాన్ని సంఘంలోనికి రానీయరాదని గట్టిగా ప్రకటించింది. కలిసి భోజనం చేయడాన్ని దానికి పరీక్షగా పెట్టారు. ప్రేమవిందు అనే పంక్తిభోజనం అట్లా వచ్చింది. కాగితంమీద ఒప్పుకొన్నవారు విస్తరి ముందు వెనుకాడారు. మాలలు ఎక్కువగా చేరిన చోట మాదిగలు విడిగా కూర్చోవడం, మాదిగలు ఎక్కువ ఉన్న చోట తక్కినవారు రాకపోవడం, ఈ సంగతులు తెలుగునాట చర్చిల చరిత్ర చదివినవారికి కొత్తవి కావు.

మన దేశంలో పనిచేసిన ఇద్దరు అమెరికనులు ఈ ప్రశ్నను పుస్తకాలకెక్కించారు. తెలుగు ప్రాంతాలతో సహా పలుచోట్ల పరిశీలన జరిపి వాస్కం పికెట్ 1933లో సామూహిక మతాంతరాలపై పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఒంటరిగా వచ్చినవాడికంటె కుటుంబంతో, బంధువర్గంతో వచ్చినవాడు నిలుస్తాడన్నది అతని పరిశీలనలో ముఖ్యం. అతనితో కలిసి పనిచేసిన డొనాల్డ్ మెగావ్రన్ మధ్యభారతంలోని దమోహ్‌లో 1897లో పుట్టినవాడు. 1955లో అచ్చయిన అతని పుస్తకంతో సంఘాభివృద్ధి అనేది ఒక శాస్త్రంగా ప్రపంచమంతటా ప్రచారంలోకి వచ్చింది. మనుషులు తమ జాతి, భాష, వర్గపు గీత దాటకుండానే చేరడానికి ఇష్టపడతారు, కాబట్టి సజాతీయ సమూహాలుగానే సంఘాలు పెంచాలన్నది అతని సిద్ధాంతంలో ఒక మూలసూత్రం. లెక్కలకు అది నిజమే కావచ్చు. ఆ సూత్రంపై ఆ మతపండితులలోనే పెద్ద వాదోపవాదాలు జరిగాయి. మాల చర్చి, మాదిగ చర్చి అని నోటితో అనకుండా కాళ్ళతో చెప్పే ఊళ్ళలో తిరిగినవాణ్ణి కాబట్టి, అది నాకు ఊరి పాతగోడకు కొత్త సున్నం వేసినట్లుగానే తోచింది. రైల్వే స్టేషన్ల దగ్గరి చిన్న చర్చిలకు ఆ సౌకర్యం లేదు. అక్కడ ఏ ఒక్క కులమూ, ఏ ఒక్క భాషా సంఘమంతటికీ సరిపోయేటంత లేదు. అందరూ కలిస్తేనే ఆదివారానికి ఇరవైమంది. గతిలేక నేర్చుకొన్నదైనా అది మంచి పాఠమే.

భాష సంగతి కూడా అంతే. హిందూపురంలో బజారు తెలుగుతో మొదలై కన్నడంలో బేరమాడి ఉర్దూలో ముగుస్తుంది. బళ్ళారిలో హ్యాండ్స్ మొదలైనవారు శ్రమించి కన్నడ బైబిలును 1831 నాటికి పూర్తిచేశారు. తెలుగులో సంపూర్ణ బైబిలు రావడానికి 1850లు పట్టింది. చాపమీద ఒకరి చేతిలో ఇదీ, పక్కవారి చేతిలో అదీ ఉన్న సన్నివేశం హిందూపురంలో నేను చూసినదే. అధ్యాయం సంఖ్య చెబితే ఎవరి పుస్తకం వారు తెరిచేవారు. భాష రాదని ఎవరినీ లేవమనలేదు.

ఇక పాటలు. ఇక్కడ నేను నా పక్షపాతాన్ని దాచను. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించిన మహాకవి. క్రైస్తవేతరులమైన మనం వారిని సాహిత్యచరిత్రలో తగినంతగా తలుచుకోలేదు. వారి కీర్తనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ రాగం, తాళం ఉంటాయి. లాలిపాటలున్నవి, మంగళహారతుల ఫక్కీ ఉన్నది. మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకొన్ననాడు మన భజనగోష్ఠులూ, పెళ్ళిపాటలూ వేరొక వాకిట్లో కూర్చొని కనబడినట్లయింది. మిత్రుడి చర్చిలో ఇప్పుడు కీబోర్డు వచ్చింది, తెరమీద అక్షరాలు వేస్తారు, పాటలు మారినవి. వార్షికోత్సవపు ప్రసంగంలో "మీ కీర్తనలను వదలకండి" అని గట్టిగా చెప్పాలని కాగితంమీద వ్రాసి పెట్టుకొన్నాను కూడా.

ఆ మాట ఎందుకు మార్చుకొన్నానో చెప్పే ముందు, నా స్వంత పాపం ఒకటి చెప్పుకోవాలి.

1990లలో నేను పనిచేసిన ఒక బడిలో ప్రవేశాల రోజున రిజిస్టరు నా ముందున్నది. ఒక యువకుడు కొడుకును తెచ్చాడు. పిల్లవాణ్ణి పాట పాడమన్నాను. భయం లేకుండా ఒక కీర్తన ఎత్తుకొన్నాడు, చక్కని గొంతు. మతం గడి దగ్గర తండ్రిని చూశాను. "హిందూ అని వ్రాయండి సార్" అన్నాడు తలవంచుకొని. నాకు కారణం తెలుసు. 1950నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించేది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో 1970నాటి అనంతరామన్ కమిషన్ సిఫారసు మీద అట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గంగా చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. మతం మారితే వాడలో ఇల్లు మారదు, బావి దగ్గర మాట మారదు, గడిలోని అక్షరం మారితే మాత్రం బిడ్డ చదువు మారిపోతుంది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ ఆ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానించింది. ఉత్తర్వు మాత్రం మారలేదు.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఆనాడు నోరు జారాను. "పాట ఒకటి, వ్రాత ఒకటా?" అన్నాను, పక్కన ఉన్నవారు వినేటట్లు. అతడు ఏమీ అనలేదు. నేను అతడు చెప్పినట్లే వ్రాశాను. కాని పిల్లవాడు నన్ను చూసిన చూపు నాకు గుర్తున్నది. మూడేండ్లు నా దగ్గర చదివి ఒక్కనాడూ మళ్ళీ పాడలేదు.

మిత్రుడి చర్చిలో వాకిలి దగ్గర కూర్చొని ముందే లేచిపోయే యువదంపతుల సంగతి విన్నప్పుడు నాకు ఆ తండ్రే గుర్తుకు వచ్చాడు. వారికి సభ్యత్వపు రిజిస్టరు అంటే భయం. పెళ్ళి మాటకు వస్తే 1872నాటి క్రైస్తవ వివాహ చట్టం క్రింద నమోదు అంటారని భయం. "కొత్తగా వచ్చినవారు లేచి పేరు చెప్పండి" అని మైకులో ప్రేమగానే పిలుస్తారు. ఆ పిలుపే వారిని వచ్చే వారం రానీయదు.

చివరిగా నేటి సంగతి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. 2022 ఏప్రిల్‌లో ఈ మూడూళ్ళూ కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినవి. 1890లలో రైలు చేసిన పనిని ఇప్పుడు కర్మాగారం చేస్తున్నది. ఎక్కడెక్కడివారో చిన్న వయసువారు, అద్దె ఇళ్ళు, షిఫ్టు డ్యూటీలు, చంటిబిడ్డలు, దూరాన తల్లిదండ్రులు. హిందూపురం పిల్లలు బెంగుళూరుకు పోతున్నారు, ఇతరుల పిల్లలు పెనుకొండకు వస్తున్నారు. రిజిస్టరులో మాయమయ్యే పేర్లూ, వచ్చే పేర్లూ, మళ్ళీ అదే వరుస.

వార్షికోత్సవంలో మాట్లాడవలసిన రోజున నేను కొంచెం ముందుగా వెళ్ళి వసారాలో కూర్చున్నాను. ఒక యువతి బిడ్డను భుజాన వేసుకొని అటూ ఇటూ నడుస్తున్నది. తమిళనాడు నుండి వచ్చిన కుటుంబమట, భర్తకు రాత్రి డ్యూటీ. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. "లోపలికి పోలేదేమ్మా?" అన్నాను. "పాప ఏడిస్తే అందరూ తిరిగి చూస్తారు సార్" అన్నది. కీర్తనల సంగతి అడిగాను. "పాత పాటలు బాగుంటాయి సార్, అర్థం కాదు. తెరమీద వస్తే అక్షరం కూడా రాదు. చప్పట్లు కొట్టే పాట వస్తే పాప నవ్వుతుంది" అన్నది.

జేబులోని కాగితం జేబులోనే ఉండిపోయింది. ప్రసంగంలో కీర్తనలను వదలకండి అనలేదు. చౌదరిగారి కాలానికి ఆ కీర్తన కూడా కొత్తపాటే, వాడలోని తల్లి నోటికి అందాలనే ఆయన జనం ఎరిగిన లాలి వరుసలు ఎత్తుకొన్నారని చెప్పాను. రిజిస్టరులోని వృత్తులు చదివి వినిపించాను. కొక్కేల సంగతి చెప్పాను. అడిగినవి మూడే. కొత్తవారిని లేపి పేరు అడగవద్దు, ఇంటికి పోయి నీళ్ళు త్రాగి మీ పేరు మీరు చెప్పండి. పుస్తకంలో పేరు వ్రాయడానికి వారినే అడగనివ్వండి, ఎన్నేండ్లయినా సరే. బిడ్డ ఏడిస్తే వెనుకకు తిరిగి చూడవద్దు.

అందరూ ఒప్పుకోలేదు. "వాక్యం చెప్పేటప్పుడు నిశ్శబ్దం ఉండాల్సిందే" అని ఒక పెద్దాయన నిలబడి అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉన్నది. నలభైమంది పిల్లల నడుమ పద్యం చెప్పినవాడికి నిశ్శబ్దం విలువ తెలియకపోదు. అప్పుడు ఆ ఎనభై యేండ్ల పెద్దామె కూర్చున్నచోటనే "నువ్వు ఆ మధ్య కొక్కేనికే ఊగినావప్పా, ఎంత ఏడ్చేవాడివో నాకు తెలుసు" అన్నది. సభంతా నవ్వింది, ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు. ఒప్పుకొన్నాడో లేదో నాకు తెలియదు.

మొన్న మిత్రుడు ఫోను చేశాడు. కొక్కేలు పరీక్ష చేయిస్తే రెండు తుప్పుకు తిని పోయినవట, ఒకటి గట్టిగా ఉందట. దానికి చీర కట్టారు. తమిళ యువతి మాత్రం బిడ్డను దానిలో వేయలేదట, ఒళ్ళోనే పెట్టుకొని నడుమ చాపమీద కూర్చుంటున్నదట. "మరి ఉయ్యాలలో ఎవరప్పా?" అని అడిగాను. "ఇంకా ఎవరూ లేరు అయ్యవారూ, కట్టి ఉంచినాము" అన్నాడు.

స్వస్తి.